తమ్ముడికి మూత్రం తనంతట తానే వస్తోంది, బాగవుతున్నట్టేనా?

మీ ప్రశ్నని మిగతావాళ్ళ కోసం ఒకసారి క్లుప్తంగా చెప్తాను. తమ్ముడు ఎత్తు మీంచి పడ్డాడు. ఎనిమిదో డోర్సల్ (వీపు) పూస దగ్గర, అంటే డి8 దగ్గర, వెన్నుపాము నలిగింది. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. నడుము కింద స్పర్శ లేదు, కాళ్ళు కదలడం లేదు. మొదట్లో మూత్రం చుక్క కూడా సొంతంగా రాలేదు. ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు కాథెటర్, అంటే సన్నటి పైపు, పెట్టి తీస్తున్నారు. ఏడో వారం దాటాక, మధ్యమధ్యలో తనంతట తానే వచ్చి బట్టలు తడుస్తున్నాయి. ఇంట్లో అందరికీ సంతోషం. "నరాలకి ప్రాణం వస్తోంది, ఇంక ఆ పైపు గొడవ ఎందుకు?" అంటున్నారు. మీకు మాత్రం అనుమానంగా ఉంది. పైగా దెబ్బ తగిలింది వీపులో అయితే మూత్రం ఎందుకు ఆగిందో, ఆగింది మళ్ళీ ఎందుకు మొదలైందో మీకెవరూ విడమరిచి చెప్పలేదు.

మీ అనుమానమే సరైనది. కాథెటర్ ఆపకండి. ఇప్పుడు వస్తున్నది చాలావరకు మెదడు చెప్తే వస్తున్న మూత్రం కాదు. మెదడుతో సంబంధం తెగిన వెన్నుపాము కింది భాగం షాక్‌లోంచి లేచి సొంతంగా చేస్తున్న పని అది. బయట తడి కనిపిస్తోంది కాబట్టి బ్లాడర్ ఖాళీ అవుతోందనుకుంటారు. లోపల ఎంత మిగిలిందో, ఎంత ఒత్తిడితో బయటికి వచ్చిందో కంటికి కనిపించదు. కిడ్నీల్ని పాడుచేసేది ఆ కనిపించని ఒత్తిడే.

ఇరవై ఏళ్ళకు పైగా వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ పునరావాస వార్డులో డాక్టర్‌గా పనిచేస్తున్నాను. కాళ్ళ గురించి అడగని కుటుంబం నాకు ఇంతవరకు కనిపించలేదు. బ్లాడర్ గురించి మొదటి రెండు నెలల్లో అడిగేవాళ్ళు అరుదు. మీరు అడిగారు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

బ్లాడర్ అంటే ఒక ట్యాంకు, దాని కింద ఒక కుళాయి అనుకుంటారు చాలామంది. కానీ ట్యాంకు తనని తాను పిండుకోదు, బ్లాడర్ పిండుకుంటుంది. దాని గోడలో ఎక్కువ భాగం డెట్రూసర్ అనే కండరం. కింద బ్లాడర్ సన్నబడే చోట, అంటే దాని మెడ దగ్గర, మన ప్రమేయం లేకుండా పనిచేసే ఒక బిగింపు ఉంటుంది. దాని కింద మనం కావాలని బిగించగలిగే రెండో బిగింపు, బయటి స్ఫింక్టర్. మూత్రం నింపుకునేటప్పుడు గోడ వదులుగా ఉండాలి, స్ఫింక్టర్ బిగిసి ఉండాలి. పోసేటప్పుడు సరిగ్గా దీనికి తలకిందులు. పెద్ద రంపానికి అటొకరు ఇటొకరు నిలబడి దుంగ కోయడం చూసే ఉంటారు. ఒకరు లాగినప్పుడు రెండోవారు వదలాలి. ఇద్దరూ ఒకేసారి లాగితే రంపం కదలదు, చేతులు మాత్రం నొప్పెడతాయి. మీ తమ్ముడి శరీరంలో ఇప్పుడు జరుగుతున్నది దాదాపు అదే. ఈ రంపం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

ఈ ఇద్దరికీ ఆజ్ఞలు తెచ్చే నరాలు మూడు రకాలు. వెన్నుపాములో డి10 నుంచి ఎల్2 వరకు (ఎల్ అంటే నడుము భాగం) ఉన్న చోటు నుంచి సింపథెటిక్ నరాలు వస్తాయి. ఇవి బ్లాడర్ గోడని వదులు చేసి, మెడని బిగించి ఉంచుతాయి, అంటే నిల్వ ఉంచే పక్షం. అట్టడుగున ఎస్2, ఎస్3, ఎస్4 (ఎస్ అంటే త్రికం) అనే భాగాల నుంచి పారాసింపథెటిక్ నరాలు వస్తాయి. ఇవి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల చేసి గోడని పిండిస్తాయి, అంటే ఖాళీ చేసే పక్షం. అదే ఎస్2 నుంచి ఎస్4 భాగం నుంచే ప్యుడెండల్ నరం కూడా బయల్దేరి బయటి స్ఫింక్టర్‌ని బిగిస్తుంది. ఆ నరానికి మూలమైన చిన్న కణాల గుంపుని 1899లో ఓనుఫ్ అనే న్యూరాలజిస్ట్ వర్ణించాడు, ఇప్పటికీ దాన్ని ఓనుఫ్ న్యూక్లియస్ అనే అంటారు. కండరాలన్నీ క్రమంగా క్షీణించిపోయే మోటార్ న్యూరాన్ జబ్బులో కూడా ఈ గుంపు చాలావరకు చెక్కుచెదరకుండా మిగులుతుంది. అందుకే చెయ్యి ఎత్తలేని స్థితికి వచ్చినవాళ్ళు కూడా మూత్రం ఆపుకోగలుగుతారు. నాకు చదువుకునే రోజుల నుంచీ ఇది ఆశ్చర్యంగానే ఉంది.

ఇక్కడ ఎంఆర్ఐ రిపోర్టు చదివేవాళ్ళు పొరబడే విషయం ఒకటుంది. వెన్నుపాము వెన్నెముక చివరిదాకా ఉండదు. పెద్దవాళ్ళలో మొదటి లేదా రెండో నడుము పూస దగ్గరే అయిపోతుంది. ఆ కింద ఉండేది గుర్రం తోకలా వేలాడే నరాల కట్ట మాత్రమే. కాబట్టి ఎస్2, ఎస్3, ఎస్4 అనే వెన్నుపాము భాగాలు పిరుదుల వెనకున్న త్రికం ఎముకలో ఉండవు, దానికి చాలా పైన, డి12, ఎల్1 పూసల వెనక ఉంటాయి. పన్నెండో డోర్సల్ పూస చితికితే బ్లాడర్ కేంద్రమే చితకవచ్చు. ఎనిమిదో పూస దగ్గర దెబ్బ తగిలితే ఆ కేంద్రం భద్రంగానే ఉంటుంది, పైనుంచి వచ్చే తీగ మాత్రం తెగుతుంది. మీ తమ్ముడిది రెండో రకం. ఈ తేడా మీదే కథంతా నడుస్తుంది.

మామూలు మనిషిలో ఏం జరుగుతుందో చూద్దాం. కిడ్నీల నుంచి నిమిషానికి దాదాపు ఒక మిల్లీలీటరు మూత్రం బ్లాడర్‌లోకి దిగుతూ ఉంటుంది. గోడ సాగుతుంది కానీ లోపలి ఒత్తిడి పెద్దగా పెరగదు. నిండుతున్నంతసేపూ అది 10, 15 సెంటీమీటర్ల నీటి ఎత్తుకి సమానమైన ఒత్తిడి దాటదు. 150, 200 మిల్లీలీటర్ల దగ్గర "ఏదో ఉంది" అన్న మొదటి కబురు అందుతుంది. 300 నుంచి 400 వచ్చేసరికి లేవాలనిపిస్తుంది. గోడ సాగుతోందని నరాలకి తెలియడానికి వాడే ప్రోటీన్లలో ఒకదాని పేరు పీజో2. దాన్ని, దాని జంట పీజో1ని కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కి 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పుట్టుకతోనే పీజో2 పనిచేయని కొద్దిమందికి బ్లాడర్ నిండినట్టు సరిగా తెలియదు, గడియారం చూసుకుని బాత్రూంకి వెళ్తారు. మీ తమ్ముడు ఇప్పుడు చేస్తున్నదీ గడియారం చూసుకోవడమే కదా.

నిండేకొద్దీ ఆ కబుర్లు వెన్నుపాము అడుగుకి చేరతాయి. అక్కడి నుంచే వెన్నుపాము ఎవర్నీ అడక్కుండా స్ఫింక్టర్‌ని ఇంకొంచెం బిగిస్తుంది. మీరు దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా కారకుండా చూసేది ఈ కాపలాయే. ఇంతవరకు మెదడు అవసరం పెద్దగా లేదు. మెదడు కావాల్సింది రెండు పనులకి. ఒకటి, ఇప్పుడా తర్వాతా అని తేల్చడానికి. రెండు, తేల్చాక రంపం కోసే ఇద్దరికీ లయ కుదర్చడానికి.

లయ కుదిర్చే చోటు మెదడు కాండంలో, పాన్స్ అనే భాగంలో ఉంది. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ బారింగ్టన్ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో పాన్స్‌లోని ఒక చిన్న ప్రాంతాన్ని దెబ్బతీస్తే బ్లాడర్ ఖాళీ కావడమే ఆగిపోయింది. 1925లో ఆ పని ప్రచురించాడు, ఆ చోటుకి ఇప్పుడు ఆయన పేరే ఉంది. బ్లాడర్ నుంచి వచ్చే కబుర్లు ముందు మిడ్‌బ్రెయిన్‌లో పీఏజీ అనే బూడిదరంగు ప్రాంతానికి చేరతాయి. ఎంత నిండిందో లెక్క అక్కడ నడుస్తూ ఉంటుంది. దానిమీద నుదుటి వెనక ఉండే ఫ్రాంటల్ భాగం కూర్చుని "ఇంకా కాదు, ఇంకా కాదు" అంటూ బారింగ్టన్ కేంద్రాన్ని అణచిపెట్టి ఉంచుతుంది. మనం మామూలుగా మూత్రం పోయమని ఆజ్ఞాపిస్తాం అనుకుంటాం గానీ, నిజానికి ఎక్కువగా చేసేది అడ్డు తీయడం. అడ్డు తీయగానే పాన్స్ ముందు స్ఫింక్టర్‌ని వదలమంటుంది, ఆ వెంటనే గోడని పిండమంటుంది. ముందు వదలడం, తర్వాత పిండడం. ఈ వరుస తప్పకూడదు.

బయటినుంచి ఇంటికి వచ్చి తాళం చెవి తీసేసరికి, అప్పటిదాకా ఊరుకున్న మూత్రం ఒక్కసారి తన్నుకురావడం అందరికీ తెలిసిందే. తాళం తిప్పిన అర నిమిషంలో బ్లాడర్‌లోకి అదనంగా దిగింది చుక్కలే. మారింది ఫ్రాంటల్ భాగం లెక్క. ఇల్లు వచ్చింది, బాత్రూం దగ్గరే ఉంది, కాబట్టి అది పట్టు సడలిస్తుంది. దీనికి వ్యతిరేకమైన సంగతి కూడా మీకు తెలుసు. వెనక నలుగురు నిలబడి ఉంటే బ్లాడర్ పగిలిపోతున్నా చుక్క రాదు. ఎంత ప్రయత్నిస్తే అంత బిగుసుకుపోతుంది, ఎందుకంటే ఆ టెన్షన్‌లో సింపథెటిక్ పక్షం గెలుస్తుంది, అడ్డు తీయాల్సిన ఫ్రాంటల్ భాగమూ కాపలా వదలదు. పసిపిల్లలకి ఈ పై అంతస్తు ఇంకా తయారు కాదు, అందుకే నిండగానే పోసేస్తారు. అయినా వాళ్ళలోనూ మెదడుకి అసలు సంబంధం లేదనడం తప్పు. నిద్రలో ఉన్న పసిబిడ్డ మూత్రం పోసేముందు చాలాసార్లు కదలడం, కాస్త మెలకువ రావడం తల్లులందరూ చూసిందే.

ఇప్పుడు మీ తమ్ముడి దగ్గరికి వద్దాం. డి8 దగ్గర తీగ తెగిన క్షణంలో కింది వెన్నుపాముకి పైనుంచి నిరంతరం అందే ప్రేరణ ఆగిపోయింది. అది తెల్లబోయి చేష్టలుడిగిపోతుంది. దీన్నే స్పైనల్ షాక్ అంటారు. బీపీ పడిపోయే షాక్ వేరు, దీనికీ దానికీ పేరు కలిసిందంతే. ఈ దశలో కాళ్ళు మెత్తగా వేలాడతాయి, సుత్తితో మోకాలి కింద కొడితే కాలు ఎగరదు, బ్లాడర్ గోడ పిండుకోదు. కానీ మెడ దగ్గరి బిగింపు కొంత మిగిలే ఉంటుంది. నిండుతుంది, ఖాళీ కాదు. కాథెటర్ పెట్టకపోతే లీటరు దాటి సాగిపోయి, పైనుంచి పొంగి కారుతుంది. అలా ఒక్కసారి విపరీతంగా సాగిన గోడ ఆ తర్వాత చాలాకాలం సరిగా పిండుకోలేదు. మొదటి రోజుల్లో పైపు వేసింది అందుకే.

షాక్ కొందరిలో కొన్ని వారాలకి, కొందరిలో కొన్ని నెలలకి తగ్గుతుంది. మీవాడికి ఏడో వారం అంటే మామూలు సమయమే. బహుశా ఈమధ్య కాళ్ళు ఉన్నట్టుండి ముడుచుకోవడం, పాదం అదరడం కూడా మొదలై ఉంటుంది. గమనించారా? మొదలైతే రెండూ ఒకే మేల్కొలుపు. కింది వెన్నుపాము లేచింది, కానీ లేచేసరికి ఇల్లు మారిపోయింది. మామూలుగా బ్లాడర్ నిండిన కబురు తీసుకెళ్ళేది వేగంగా పరిగెత్తే 'ఏ-డెల్టా' అనే రకం నరాలు, అవి పాన్స్ దాకా వెళ్ళి రావాలి. ఆ దారి మూసుకుపోయింది. దాంతో ఇన్నాళ్ళూ నిద్రపోతున్న సీ ఫైబర్లు అనే సన్నటి, నెమ్మది నరాలు లేచి, ఎస్2, ఎస్4 మధ్యే ఒక అడ్డదారి వేసుకుంటాయి. అడ్డదారి అంటే నిజంగా అడ్డదారే. కొంచెం నిండగానే, చల్లటి నీళ్ళు తగలగానే, ఒక్కోసారి తొడ మీద చెయ్యి వేయగానే గోడ పిండేస్తుంది. చల్లటి నీళ్ళకి ఇలా స్పందించే గుణం పసిపిల్లల్లో ఉండి, పెరిగేకొద్దీ మెదడు దాన్ని అణిచేస్తుంది. పైతీగ తెగితే తిరిగి బయటపడుతుంది. ఈ సీ ఫైబర్లకి మిరపకాయకి ఘాటునిచ్చే కాప్సైసిన్ అంటే పడదు. ఒకప్పుడు దాన్నే బ్లాడర్‌లోకి ఎక్కించి వీటిని మొద్దుబార్చే వైద్యం కూడా చేశారు. అది ఎంత మంటో రోగిని అడగాలి. ఇప్పుడు అంతకన్నా మంచి దారులున్నాయి.

సొంతంగా పిండుకోవడం ఒక్కటే అయితే నేను ఇంత హెచ్చరించేవాణ్ణి కాదు. అసలు చిక్కు ఏమిటంటే, ఈ అడ్డదారిలో లయ కుదిర్చేవాళ్ళు లేరు. పాన్స్ నుంచి "ముందు వదులు" అన్న మాట కిందికి రాదు. గోడ పిండుతుంది, అదే క్షణంలో స్ఫింక్టర్ కూడా బిగుస్తుంది. రంపానికి రెండువైపులా ఇద్దరూ లాగుతున్నారు. డాక్టర్లు దీన్ని డెట్రూసర్ స్ఫింక్టర్ డిస్సినర్జియా అంటారు, రిపోర్టులో డీఎస్‌డీ అని రాస్తారు.

దీన్ని యూరోడైనమిక్స్ పరీక్షలో కళ్ళారా చూడొచ్చు. సన్నటి కాథెటర్‌తో బ్లాడర్‌లోకి నెమ్మదిగా సెలైన్ ఎక్కిస్తూ ఒత్తిడిని గీతగా చూస్తాం. చాలా ఏళ్ళ కింద ఒక కుర్రాడు పరీక్ష బల్ల మీద పడుకుని నాతో క్రికెట్ గురించి మాట్లాడుతున్నాడు. నూటయాభై మిల్లీలీటర్లు ఎక్కగానే స్క్రీన్ మీద గీత లేవడం మొదలైంది. ముప్పై, యాభై, ఎనభై. స్ఫింక్టర్ కండరం గీత కూడా దానితోపాటే నల్లగా దట్టమైంది. వంద దాటాక నాలుగు చుక్కలు కారాయి. అతను ఇంకా ఆ మ్యాచ్ ఆఖరి ఓవర్ దగ్గరే ఉన్నాడు, తనకి ఏమీ తెలియదు. "డాక్టర్ గారూ, నాకు పోసుకోవడం వచ్చేసింది, పైపు మానేశాను" అని చెప్పి వచ్చిన మనిషి అతను. అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయి. అదృష్టం కొద్దీ త్వరగా దొరికాడు, కాథెటర్, మందులతో ఆ ఉబ్బు దిగింది.

ఒత్తిడి ఎంతుంటే ప్రమాదం అంటే, నిల్వ సమయంలో 40 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాటితే కిడ్నీలకి ముప్పు మొదలవుతుందని మేం లెక్క వేసుకుంటాం. కిడ్నీ నుంచి కిందికి దిగే మూత్రం చాలా తక్కువ ఒత్తిడితో దిగుతుంది. బ్లాడర్ అంతకన్నా గట్టిగా ఎదురు తోస్తుంటే దిగడం ఆగుతుంది, కొందరిలో వెనక్కి ఎక్కుతుంది. దానికి ఇన్ఫెక్షన్ తోడైతే చెప్పక్కర్లేదు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో వెన్నుపాము తెగిన సైనికుల్లో చాలామంది మొదటి కొన్ని నెలల్లోనే చనిపోయేవారు. పడకపుళ్ళు ఒక కారణం, మూత్రం ఇంకో కారణం. జర్మనీ నుంచి ఇంగ్లండ్‌కి పారిపోయి వచ్చిన న్యూరాలజిస్ట్ లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండెవిల్‌లో వెన్నుపాము విభాగం తెరిచాక ఆ తీరు మారింది. పారాలింపిక్స్‌కి బీజం వేసింది ఆయనే కాబట్టి ఆటల పేరుతోనే అందరికీ గుర్తు. మా వృత్తిలో వాళ్ళకి మాత్రం, అప్పటికప్పుడు కాథెటర్ పెట్టి తీసేసే పద్ధతిని పట్టుదలగా నడిపిన మనిషిగా గుర్తు. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ ఇంకో అడుగు ముందుకేసి, ఆపరేషన్ థియేటర్ స్థాయి స్టెరైల్ జాగ్రత్తలు అక్కర్లేదు, చేతులు శుభ్రంగా కడుక్కుని రోగి తానే ఇంట్లో చేసుకోవచ్చని చూపించాడు. క్రిములు కొన్ని లోపలికి వెళ్తాయి నిజమే, కానీ బ్లాడర్ అతిగా సాగకుండా క్రమంగా ఖాళీ అవుతుంటే అవి ఇన్ఫెక్షన్‌గా మారే అవకాశం తక్కువ అన్నది ఆయన వాదన. మీవాడు చేస్తున్నది అదే పద్ధతి. "ఆ పైపు గొడవ" అని విసుక్కునేవాళ్ళకి ఈ కథ చెప్పండి.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం, దెబ్బ ఎక్కడ ఉంటే ఏమవుతుందో చకచకా చెప్పేస్తాను. పాన్స్ కన్నా పైన, అంటే పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు లాంటివాటిలో, ఫ్రాంటల్ భాగం అడ్డు సడలుతుంది. తొందర వస్తుంది, బాత్రూం చేరేలోపే అయిపోతుంది, కానీ పాన్స్ బాగానే ఉంది కాబట్టి లయ చెడదు, పూర్తిగానే ఖాళీ అవుతుంది. కిడ్నీలకి సాధారణంగా భయం లేదు. ఎస్2 నుంచి ఎస్4 కేంద్రమే పోతే, లేదా ఆ గుర్రం తోక నరాలు నలిగితే, గోడ పిండే శక్తే ఉండదు, నిండి పొంగి కారుతుంది. చాలాకాలం అదుపులో లేని షుగర్ కూడా నెమ్మదిగా ఇలాంటి స్థితికే తెస్తుంది. ఒక మాట మాత్రం ఆగి చెప్పాలి. నడుంనొప్పితో ఉన్న మనిషికి హఠాత్తుగా మూత్రం రాకపోయినా, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు జీను వేసే చోట తిమ్మిరి వచ్చినా, అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళాలి. డిస్క్ జారి ఆ నరాల కట్టని నొక్కేస్తోందేమో చూడాలి. రేపటిదాకా ఆగితే బ్లాడర్ తిరిగి రాకపోవచ్చు.

మళ్ళీ మీ విషయం. మొదట చేయాల్సింది కొలవడం. మూడు రోజులపాటు ఒక కాగితం మీద టైము, తాగింది, కాథెటర్‌తో వచ్చింది, మధ్యలో తడిసిందా లేదా రాయండి. తడిసిన వెంటనే ఒకసారి కాథెటర్ పెట్టి లోపల ఎంత మిగిలిందో చూడండి. మూడొందల మిల్లీలీటర్లు మిగిలి ఉంటే, బట్టలు తడిసినంత మాత్రాన బ్లాడర్ ఖాళీ కాలేదని ఇంట్లోవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. ప్రతిసారీ కాథెటర్‌తో వచ్చేది నాలుగొందలు, ఐదొందలు దాటకుండా చూసుకోవాలి. దాటుతుంటే నాలుగుసార్లు చాలదు, ఐదు, ఆరుసార్లు చేయాలి. తడుస్తోందని నీళ్ళు మానేయకండి. అందరూ మొదట చేసే పొరపాటు అదే. రోజుకి లీటరున్నర, రెండు లీటర్లు ఒకేలా విడివిడిగా తాగి, పడుకునే ముందు తగ్గిస్తే చాలు.

తర్వాత కిడ్నీల అల్ట్రాసౌండ్, వీలైనంత త్వరలో యూరోడైనమిక్స్. షాక్ తగ్గింది కాబట్టి ఇప్పుడు పరీక్షకి అర్థం ఉంది, రెండో వారంలో చేసి ఉంటే గీత సపాటుగా వచ్చేది. ఒత్తిడి ఎక్కువుంటే మీ డాక్టర్ ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకునే ఆక్సీబ్యుటినిన్, సోలిఫెనసిన్ లాంటి మాత్ర మొదలెడతారు. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది. మలబద్ధకం మళ్ళీ బ్లాడర్‌ని రెచ్చగొడుతుంది కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సింపథెటిక్ పక్షానికి బలం చేకూర్చే మిరాబెగ్రాన్ ఇంకో దారి. మాత్రలు చాలకపోతే బ్లాడర్ గోడలో బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్లు వేస్తారు, కొన్ని నెలలపాటు గోడ శాంతంగా ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ వేయించుకోవాలి. ఈ మందుల గురించి ఒకటి అర్థం చేసుకోండి. ఇవి బ్లాడర్‌ని పనిచేయించే మందులు కావు. కావాలనే దాన్ని పిండకుండా ఉంచి, తక్కువ ఒత్తిడి సంచిగా మార్చి, ఖాళీ చేసే పని కాథెటర్‌కి అప్పజెప్తాం. "పనిచేస్తున్నదాన్ని ఎందుకు పడుకోబెడుతున్నారు?" అని వార్డులో చాలామంది కోప్పడతారు. రంపానికి ఒకవైపు మనిషిని కూర్చోబెట్టేస్తున్నాం, అంతే.

పొత్తికడుపు గట్టిగా నొక్కి పోయించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మూసిన స్ఫింక్టర్ మీదకి తోస్తే ఒత్తిడి ఎటు పోతుందో మీకు ఇప్పటికి అర్థమై ఉంటుంది. మూత్ర పరీక్షలో క్రిములు కనపడ్డాయని ప్రతిసారీ యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు. రోజూ కాథెటర్ వాడేవాళ్ళలో అవి దాదాపు ఎప్పుడూ కనపడతాయి. జ్వరం, చలి, కొత్తగా ఎక్కువ తడవడం, కాళ్ళ బిగుతు హఠాత్తుగా పెరగడం, మూత్రంలో రక్తం ఉంటే అప్పుడు చూపించుకోవాలి. ఇంకోటి, డి6 దగ్గర గానీ అంతకన్నా పైన గానీ దెబ్బ ఉన్నవాళ్ళకి బ్లాడర్ నిండిపోతే తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు, బీపీ ప్రమాదకరంగా పెరగడం జరగొచ్చు. వెంటనే కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, బ్లాడర్ ఖాళీ చేయాలి, తగ్గకపోతే ఆస్పత్రికి పరిగెత్తాలి. మీవాడిది డి8 కాబట్టి ఆ భయం తక్కువే.

మీరు అడగని, కానీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. ఎప్పటికైనా సొంతంగా పోసుకుంటాడా? దానికి తడిసిన బట్టల్లో జవాబు లేదు. మలద్వారం చుట్టూ సూదితో గుచ్చితే తెలుస్తోందా, వేలు పెట్టి పరీక్షించేటప్పుడు కావాలని బిగించగలుగుతున్నాడా అన్న దాంట్లో ఉంది. ఎస్4, ఎస్5 దాకా కబురు పోయి వస్తోందంటే తీగ పూర్తిగా తెగలేదని అర్థం, అలాంటివాళ్ళలో కొంత అదుపు తిరిగి వచ్చినవాళ్ళని నేను చూశాను. డిశ్చార్జ్ కాగితంలో ఏఎస్ఐఏ (వెన్నుపాము దెబ్బ ఎంత తీవ్రమో చెప్పే కొలమానం) అని రాసి పక్కన ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి ఉంటుంది, చూడండి. "ఎ" అయితే ఇప్పటికి ఆ కబురు అందడం లేదని. ఏడో వారంలో చేసిన పరీక్ష ఆఖరిది కాదు, ఆరు నెలలకి ఒకసారి, ఏడాదికి ఒకసారి మళ్ళీ చేయించాలి.

ఈలోగా అతన్ని ఒకటి అడిగి చూడండి. తడిసే ముందు ఒంట్లో ఏదైనా తెలుస్తోందా? నిండినట్టు తెలియకపోవచ్చు, కానీ కొందరికి ముందుగా రోమాలు నిక్కబొడుస్తాయి, కొందరికి ఒక కాలు ఎగురుతుంది, ఒకామెకి మెడ దగ్గర సన్నగా చెమట పట్టేది. పదిహేనేళ్ళుగా ఆమె ఆ చెమటనే గుర్తుగా పెట్టుకుని కాథెటర్ తీసుకుంటోంది, కిడ్నీలు బాగున్నాయి. మూడు రోజుల కాగితం తయారయ్యాక ఆ అంకెలు, ఏఎస్ఐఏ అక్షరం ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.